వెయిట్, అవెయిట్, సర్వ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంగ్లిష్‌లో ‘అవెయిట్’ అంటే ‘వెయిట్’కే (ఎదురుచూడటానికే) మర్యాదరూపం. ఏది రాసినా ఒకటే.

వాస్తవం: అర్థం దగ్గరదే, వాక్యంలో ఇమిడే తీరు వేరు. ఎవరి కోసమో, దేని కోసమో చెప్పాలంటే ‘వెయిట్’ పక్కన ‘ఫర్’ కావాలి: ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’. ‘అవెయిట్’ కర్మను నేరుగా తీసుకుంటుంది: ‘ఐ అవెయిట్ యువర్ రిప్లై’. ఈ రెండూ కలగాపులగమై పుట్టిందే ‘అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’. ఆఫీసు ఉత్తరాల్లో తరచూ కనిపించే ఈ తప్పుకు మందు తేలిక, ‘ఫర్’ కొట్టేయడమే. ‘ప్లీజ్ వెయిట్’ అని ఆపేయొచ్చు, ‘ప్లీజ్ అవెయిట్’ అని ఆపితే వాక్యం పూర్తికాదు. స్నేహితులతో మాట్లాడేటప్పుడు ‘అవెయిట్’ మరీ కృతకంగా ఉంటుంది, వాడకపోవడమే మేలు.

‘వెయిట్’కు కర్మ నేరుగా రానే రాదని కూడా అనుకోకండి. ‘వెయిట్ యువర్ టర్న్’ సరైన వాడుకే.

అపోహ: గంట నుంచి ఆగి ఉంటే ‘ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ వన్ అవర్’ అనాలి.

వాస్తవం: ‘ఐ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ యాన్ అవర్’ అనాలి. ఎంతసేపు అన్నదానికి ‘ఫర్’, ఎప్పటినుంచి అన్నదానికి ‘సిన్స్’: ‘సిన్స్ టెన్ ఓక్లాక్’. తెలుగులో రెండింటికీ ‘నుంచి’ సరిపోతుంది కాబట్టే ఇక్కడ తడబాటు.

అపోహ: ‘వెయిట్ ఆన్’, ‘వెయిట్ ఫర్’ ఒకటే.

వాస్తవం: ప్రామాణిక వాడుకలో ‘వెయిట్ ఆన్’ అంటే బల్ల దగ్గర కావలసినవి అందించడం. ‘షి వెయిటెడ్ ఆన్ అజ్’ అంటే ఆమె మాకు వడ్డించింది. అమెరికాలో కొన్నిచోట్ల, ముఖ్యంగా దక్షిణాదిలో, ఎదురుచూడటానికీ అదే మాట వినిపిస్తుంది. అది వాళ్ల మాండలికం, తప్పు కాదు. పరీక్షల్లో మాత్రం ‘ఫర్’ రాయండి. వడ్డన పనిని బ్రిటన్‌లో ‘వెయిట్ ఎట్ టేబుల్’ అని, అమెరికాలో ‘వెయిట్ టేబుల్స్’ అని అంటారు.

అపోహ: అతిథులకు వడ్డించడం ‘సర్వ్ టు ద గెస్ట్స్’.

వాస్తవం: మనుషుల్ని మాత్రమే చెబితే ‘టు’ రాదు: ‘సర్వ్ ద గెస్ట్స్’. పదార్థం ముందు వస్తేనే ‘టు’: ‘సర్వ్ సూప్ టు ద గెస్ట్స్’. వరస మారిస్తే మళ్లీ పోతుంది: ‘సర్వ్ ద గెస్ట్స్ సూప్’. వంట పుస్తకంలో ‘సర్వ్స్ ఫోర్’ అని ఉంటే ఆ పాళ్లు నలుగురికి సరిపోతాయని. ఇక వడ్డనతో సంబంధం లేని చోట్ల, సైన్యంలో పనిచేస్తే ‘సర్వ్ ఇన్’, కమిటీలో ఉంటే ‘సర్వ్ ఆన్’, కార్యదర్శిగా ఉంటే ‘సర్వ్ యాజ్’.