అమెరికా కాంగ్రెస్ సభ్యుల నిధులు, బిల్లులు: అపోహలు - వాస్తవాలు

అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేసే అభ్యర్థుల విరాళాల లెక్కలు సిద్ధం చేసి ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు సమర్పించడం నా వృత్తి. ఆ లెక్కలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అయినా వాటిని తప్పుగా చదివి తయారుచేసిన జాబితాలు ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపులలో తిరుగుతూనే ఉంటాయి.

అపోహ: అమెరికాలో పుట్టినవారే పోటీకి అర్హులు.

వాస్తవం: ఆ నియమం అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే వర్తిస్తుంది. ప్రతినిధుల సభకు 25 ఏళ్ల వయసు, 7 ఏళ్ల పౌరసత్వం, ఎన్నికనాటికి ఆ రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు. పంజాబ్‌లో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరసత్వం పొంది, 1956లో కాలిఫోర్నియా నుంచి గెలిచారు.

అపోహ: ఫలానా కంపెనీ ఫలానా సభ్యుడికి లక్షల డాలర్లు ఇచ్చింది.

వాస్తవం: కంపెనీ తన ఖజానా నుంచి అభ్యర్థికి నేరుగా విరాళం ఇవ్వడాన్ని 1907 నాటి టిల్‌మన్ చట్టమే నిషేధించింది. ఒక వ్యక్తి ఇచ్చిన మొత్తం 200 డాలర్లు దాటితే పేరు, చిరునామా, వృత్తితో పాటు అతను పనిచేసే సంస్థ పేరును కూడా మేము నమోదు చేయాలి. వందల మంది ఉద్యోగులు ఎవరికి వారు తమ జీతంలోంచి ఇచ్చిన సొమ్మును సంస్థ పేరు కింద కూడి చూపడం వల్లనే ఆ లక్షలు పుట్టుకొస్తున్నాయి. 2025-26 ఎన్నికలకు వ్యక్తి ఇవ్వగల గరిష్ఠ మొత్తం ఎన్నికకు 3,500 డాలర్లు. పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీని, సార్వత్రిక ఎన్నికను వేర్వేరుగా లెక్కిస్తారు. అసలు పెద్ద సొమ్ము మరోచోట ఉంటుంది. 2010 నాటి కోర్టు తీర్పుల తరువాత పుట్టిన సూపర్ పాక్‌లు అనే ఎన్నికల ప్రచార నిధుల సంఘాలు కంపెనీల నుంచి సైతం పరిమితి లేకుండా వసూలు చేసి, అభ్యర్థితో సంప్రదించకుండా ఖర్చు పెట్టవచ్చు. అది అభ్యర్థి ఖాతాలో కనిపించదు కనుక, కార్పొరేట్ సొమ్ము ముట్టనని చెప్పే అభ్యర్థి విషయంలోనూ ఆ స్వతంత్ర వ్యయాల నివేదికలను తప్పక చూడాలని నా అభిప్రాయం.

అపోహ: పన్ను కడుతున్నాం కనుక హెచ్-1బి మీద ఉన్నా విరాళం ఇవ్వవచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. పౌరసత్వం ఉన్న బావగారి చేత ఇప్పించి ఆ డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చేయడం ఇంకో నేరం. అభ్యర్థి నిధుల సేకరణ విందు టికెట్టుకు కట్టిన మొత్తం కూడా విరాళమే. మనవాళ్లు మంచి మనసుతోనే ఈ చిక్కులో పడుతుంటారు. దయచేసి జాగ్రత్త పడండి.

అపోహ: ఎన్ని బిల్లులు పెడితే అంత పనిచేసినట్టు.

వాస్తవం: కాంగ్రెస్ ఒక్కో విడత రెండేళ్లు సాగుతుంది. ఇటీవలి విడతల్లో ఒక్కోదానిలో 10,000కు పైగా బిల్లులు వస్తే, చట్టాలైనవి కొన్ని వందలు మాత్రమే. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులపై ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని తొలగించే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో కాంగ్రెస్‌లోని రెండో సభ సెనేట్ మార్పులతో ఆ బిల్లుకు మరో రూపాన్ని ఆమోదించినా, రెండింటికీ పొంతన కుదరక ముందే ఆ విడత కాంగ్రెస్ గడువు ముగిసి రెండూ రద్దయ్యాయి. సభ్యుడి పని తెలియాలంటే ఏ కమిటీలో ఉన్నారు, అక్కడ ఏ సవరణలు నెగ్గించారు, వారి ప్రతిపాదనల్లో ఏవి రక్షణ, బడ్జెట్ వంటి పెద్ద బిల్లులలో కలిశాయి అన్నది చూడాలి. ఆగిపోయిన వీసా దరఖాస్తు గురించి నియోజకవర్గ కార్యాలయం అధికారులకు రాసే లేఖలు ఏ బిల్లుల జాబితాలోనూ ఉండవు. అటువంటి సాయం కోరడానికి ఓటు హక్కు ఉండనక్కరలేదు.