లోపలి గోడే కదా, కొట్టేద్దాం: అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ చుట్టుపక్కల ఇళ్ల పనులు చూసే సివిల్ ఇంజినీరును. ఇంట్లో పెళ్లి కుదిరిందంటే చాలు, మనవాళ్ల కంటికి హాలు చిన్నదైపోతుంది. ముందు మేస్త్రి వస్తాడు, తర్వాత సుత్తె పడుతుంది, చివర్లో నాకు ఫోన్ వస్తుంది.

అపోహ: 9 అంగుళాల గోడే బరువు మోస్తుంది, నాలుగున్నరది ఉత్త అడ్డుగోడ.

మందాన్ని బట్టి తేల్చలేం. పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో 9 అంగుళాల గోడ కూడా అడ్డుగోడే కావచ్చు. పిల్లర్లు లేని పాత ఇళ్లలో నాలుగున్నర గోడ మీదే స్లాబు ఆనించిన మహానుభావులూ ఉన్నారు. నేను గోడ కంటే ముందు దాని నెత్తిన ఏముందో చూస్తాను. బీము ఉందా? మేడ మీద అదే వరసలో ఇంకో గోడ లేచిందా? నీళ్ల ట్యాంకు దాని మీదికి వస్తోందా? తట్టి చప్పుడు విని చెప్పేస్తానంటే నమ్మకండి.

అపోహ: స్లాబులో ఇనుముంది, గోడ తీసినా ఆగుతుంది.

10 అడుగుల గదులు రెండు, మధ్యలో గోడ, పైన ఒకే స్లాబు అనుకోండి. గోడ మీద స్లాబు పైభాగం సాగుతుంది కాబట్టి అక్కడ కడ్డీలు పైన వేస్తారు. గోడ తీసేస్తే అదే చోట కిందిభాగం సాగడం మొదలవుతుంది. అక్కడేమో ఇనుము తక్కువ. పైగా దూరం రెట్టింపైతే వంచే బలం నాలుగింతలవుతుంది.

అయినా ఆ రోజే కూలకపోవచ్చు. అదే మోసం. ఒకరింట్లో పెళ్లయి రెండు వానాకాలాలు గడిచాక స్లాబు కింద చీలిక కనబడింది. "నల్లరేగడి నేల సార్, ఇక్కడ అన్ని ఇళ్లూ చీలుతాయి" అన్నారు. రేగడి చీలికలు ఎక్కువగా గోడల్లో, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోతాయి. ఇది సరిగ్గా గోడ ఉండిన చోటే, స్లాబు పొడవునా ఉంది. కింద జాకీలు (స్లాబును తాత్కాలికంగా మోసే ఇనుప కంబాలు) పెట్టి, ఇంగ్లిష్ I అక్షరం ఆకారపు ఇనుప బీము వేశాం. హాలుకైన ఖర్చు కంటే దానికే ఎక్కువైంది.

తీయక తప్పదంటే గోడను ముట్టుకునే ముందే రెండు వైపులా జాకీలు పెట్టించండి. పని మేడ మీదైతే కింది అంతస్తులోనూ పెట్టాలి. బీము కొసలు కాంక్రీటు దిమ్మ మీద కూర్చోవాలి. బీముకూ స్లాబుకూ మధ్య సందు గట్టిగా నింపి, అది ఆరి గట్టిపడ్డాకే జాకీలు తీయాలి.

అపోహ: లోపలి పనికి పర్మిషన్ అక్కర్లేదు.

సగం నిజం. మహారాష్ట్ర 1966 నగర ప్రణాళిక చట్టం 43వ సెక్షన్, వారసత్వ కట్టడాలు తప్ప, ఇంటి లోపలికే పరిమితమైన మార్పులకు మినహాయింపు ఇస్తుంది. అయితే ఆ సెక్షన్ మీ స్లాబును వచ్చి చూడలేదు కదా! బరువు మోసే గోడ, బీము, పిల్లరు జోలికి పోతుంటే స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగు పట్టుకుని నగర పరిషత్‌లో అడగండి. అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం (1970) కిందికి వచ్చే ఫ్లాటైతే, కట్టడం భద్రతకు ముప్పు తెచ్చే పనికి మిగతా యజమానులందరి ఒప్పుకోలూ కావాలి.

అపోహ: వైరింగ్ గాడితో ఏమవుతుంది?

బరువు మోసే గోడలో నిలువు గాడి మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదు. 9 అంగుళాల గోడలో అడ్డగాడి అంగుళంన్నర, అంతే.

అపోహ: మన వైపు భూకంపాలు రావు.

1993 సెప్టెంబర్ 30న భూకంపం వచ్చిన లాతూర్ జిల్లా కిల్లారి మనకెంత దూరం? అక్కడ ప్రాణాలు తీసినవి రాళ్లు, మట్టితో కట్టిన గోడలు, వాటి మీది బరువైన మట్టి మిద్దెలు. మన ఊళ్లలో అలాంటి మిద్దెలు ఇంకా ఉన్నాయి. వాటిలో గోడ తీయాలన్నా, దూలం కింది కంబం జరపాలన్నా ఫోన్‌లో జవాబు చెప్పను. వచ్చి చూస్తాను.