పేగును కరిగించేది ఏమిటి? అమీబా ఎంజైముల వెనుక నూరేళ్ల అన్వేషణ

అమీబా వల్ల కాలేయంలో ఏర్పడిన గడ్డ నుంచి సూదితో తీసిన ద్రవం ముదురు గోధుమ రంగులో చిక్కగా ఉంటుంది. వాడుకలో దాన్ని చీము అంటారు గానీ, మామూలు చీములో కిక్కిరిసి ఉండే తెల్లరక్త కణాలు అందులో చాలా తక్కువ. అమీబాలు కూడా అందులో తేలిగ్గా దొరకవు. అవి గడ్డ అంచున, ఇంకా బతికి ఉన్న కణజాలాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. నడుమ మిగిలేది చాలావరకు కరిగిపోయిన కాలేయమే. కంటికి కనిపించని ఏకకణ జీవి ఒక అవయవాన్ని ఇలా ద్రవంగా ఎలా మారుస్తుందన్న ప్రశ్నకు జవాబు వెదకడంలో శాస్త్రవేత్తలకు ఒక శతాబ్దం గడిచిపోయింది.

1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ అనే వైద్యుడు, జిగట విరేచనాలతో బాధపడుతున్న ఒక రైతు మలంలో కదులుతున్న అమీబాలను చూసి వాటిని సవివరంగా వర్ణించాడు. అయితే వ్యాధికి అవే మూలమని ఆయన అనలేదు; మరేదో కారణంతో మొదలైన వాపును అవి మానకుండా చేస్తున్నాయని మాత్రమే భావించాడు. 1883లో కలరా పరిశోధనకు ఈజిప్టు వెళ్లిన రాబర్ట్ కోచ్‌కు, జిగట విరేచనాలతో మరణించిన వారి పేగు గోడల లోపల ఇవే జీవులు కనిపించాయి. 1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కౌన్సిల్‌మన్, లఫ్లూర్ అనే వైద్యులు పేగు పుండ్లకూ కాలేయ గడ్డలకూ అమీబాతో ఉన్న సంబంధాన్ని వివరంగా నమోదు చేశారు. ఆ పుండు ఆకారమే ఎంతో చెబుతుంది. పేగు లోపలి పొర మీద దాని నోరు సన్నగానే ఉంటుంది గానీ, కింది పొరలోకి వెళ్లేసరికి కూజా అడుగులా వెడల్పవుతుంది.

1903లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షౌడిన్ ఈ జీవికి ఎంటమీబా హిస్టోలిటికా అని పేరు పెట్టాడు. గ్రీకు మూలాలను బట్టి చూస్తే హిస్టోలిటికా అంటే కణజాలాన్ని కరిగించేది. కరిగించే పదార్థమేమిటో ఎవరికీ తెలియని రోజుల్లోనే, కరుగుతున్న తీరును చూసి పెట్టిన పేరు అది. ఇంత నికార్సుగా కుదిరిన శాస్త్రీయ నామాలు అరుదని నా అభిప్రాయం.

అయితే పేరుకూ వాస్తవానికీ మధ్య ఒక చిక్కు మిగిలింది. 1913లో మనీలాలోని బిలిబిద్ జైలులో వాకర్, సెల్లర్డ్స్ అనే పరిశోధకులు 20 మంది ఖైదీలకు ఈ అమీబాను తినిపించగా, 18 మందికి అది సోకింది గానీ విరేచనాలు పట్టుకున్నది నలుగురికే. స్వచ్ఛందంగా ముందుకొచ్చారని రాసుకున్నా, నిర్బంధంలో ఉన్న మనుషులపై చేసిన ఇలాంటి ప్రయోగాన్ని నేడు అంగీకరించలేం. ఆ సంఖ్యలు మాత్రం పరిశోధకులను దశాబ్దాల పాటు వెంటాడాయి. కరిగించడమే స్వభావమైన జీవి ఇంతమంది పేగుల్లో చడీచప్పుడు లేకుండా ఎందుకు ఉంటోంది? 1925లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్, ఇవి చూడటానికి ఒకేలా ఉండే రెండు వేర్వేరు జాతులని, హాని చేయనిదాన్ని ఎంటమీబా డిస్పార్ అనాలని ప్రతిపాదించాడు. మైక్రోస్కోపులో తేడా చూపలేని వాదన కావడంతో ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. 1978లో లండన్‌లో సార్జెంట్, విలియమ్స్ అమీబాల జీవక్రియకు సంబంధించిన ఎంజైములను జెల్ అనే జిగురు పలక మీద విడదీసి, రెండు గుంపుల మధ్య తేడా చూపాకే బ్రంప్ట్ మాటకు బలం వచ్చింది. 1993లో డైమండ్, క్లార్క్ రెండు జాతులనూ లాంఛనంగా వేరు చేశారు.

ఆ డైమండే 1961లో మరో కీలకమైన పని చేశాడు. అంతవరకు ఈ అమీబాను బ్యాక్టీరియా వంటి ఇతర జీవుల తోడు లేకుండా పెంచలేకపోయేవారు, కాబట్టి కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలో వాటిని పెంచే ద్రవంలో, కనిపించిన ఎంజైము అమీబాదో, పక్కనున్న జీవిదో కచ్చితంగా చెప్పడం కష్టమయ్యేది. డైమండ్ దాన్ని ఒంటరిగా పెంచే పద్ధతి కనిపెట్టడంతో, అమీబా తానుగా వెలువరించే పదార్థాలను పరీక్షించే దారి తెరుచుకుంది. 1980లలో ఆ ద్రవంలో ప్రధానంగా బయటపడినవి సిస్టీన్ ప్రొటియేజులు, అంటే గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం సాయంతో ప్రొటీన్ గొలుసును తెంచే ఎంజైములు. బొప్పాయి పాలలోని పపైన్ కూడా ఈ కుటుంబానిదే. జబ్బు చేసిన రోగుల నుంచి తీసిన అమీబాలు, లక్షణాలు లేనివారి నుంచి తీసిన వాటికంటే ఈ ఎంజైములను చాలా ఎక్కువగా వదులుతున్నాయని 1989 నాటికి తేలింది. 2005లో జన్యుపటం వెలువడ్డాక ఇలాంటి ఎంజైములను తయారుచేసే జన్యువులు 50 వరకు ఉన్నాయని తెలిసింది. కల్చర్‌లో మాత్రం ఈ రకపు ఎంజైముల పనిలో దాదాపు 90 శాతం ఒకటి, రెండు, ఐదు అనే సంఖ్యలున్న మూడింటిదే. వాటిలో ఐదోదానికి పనిచేసే జన్యువు డిస్పార్‌లో లేదు.

ఈ ఐదో ఎంజైము పనితీరును కొంచెం దగ్గరగా చూడాలి. పెద్దపేగు లోపలి గోడను కప్పి ఉంచే జిగురు పొర మ్యూసిన్ అనే భారీ ప్రొటీన్ల అల్లిక. ఆ ప్రొటీన్ నడుమ భాగమంతా చక్కెర గొలుసులు దట్టంగా కమ్ముకుని ఉండటం వల్ల ఎంజైములు అక్కడికి చొరబడలేవు. కొసల దగ్గర మాత్రం చక్కెరలు పలచగా ఉంటాయి. కెనడాలో క్రిస్ చాడీ బృందం 2003లో చూపినదాని ప్రకారం, అమీబా ఎంజైము సరిగ్గా ఆ పలచని కొస దగ్గరే కోత పెడుతుంది. ఒక్కో ముడి తెగేకొద్దీ అల్లిక వదులై, జిగురు పలచబడి, అమీబాకు కింది కణాలు అందుబాటులోకి వస్తాయి. ఇవే ఎంజైములు మన రక్షణ వ్యవస్థలోని యాంటీబాడీలను కూడా ముక్కలు చేయగలవు.

అలాగని మొత్తం నేరాన్ని వీటి మీదే మోపడం తొందరపాటు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మిరెల్‌మన్ బృందం 1990ల చివర్లో ఈ ఎంజైముల ఉత్పత్తిని అణచివేసిన అమీబాలను తయారు చేసింది. ఆ అమీబాలు హామ్‌స్టర్లనే ఎలుకలాంటి జంతువుల కాలేయంలో గడ్డలు కట్టించడంలో బాగా వెనుకబడ్డాయి. అయినా గాజు పాత్రలో పెంచిన కణాల పొరను మాత్రం నాశనం చేస్తూనే వచ్చాయి. అంటే చంపడం వేరు, కరిగించి చొచ్చుకుపోవడం వేరు. అమీబా ముందుగా ఒక ప్రత్యేక ప్రొటీన్‌తో కణానికి అతుక్కుంటుందని తెలిసిన సంగతే. బతికున్న కణాలను ముక్కముక్కలుగా కొరికి మింగి చంపుతుందని 2014లో తేలింది. హాని చేయని డిస్పార్‌కూ సొంత సిస్టీన్ ప్రొటియేజులు ఉన్నాయన్న సంగతి మరువకూడదు.

చికిత్స చరిత్ర మాత్రం ఈ ఎంజైములతో సంబంధం లేకుండానే సాగింది. 1912లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ వాడకంలోకి తెచ్చిన ఎమెటిన్ ఇంజెక్షన్లు గానీ, 1960ల నుంచి వాడుతున్న మెట్రోనిడజోల్ గానీ అమీబానే చంపుతాయి తప్ప దాని ఎంజైములను లక్ష్యంగా చేసుకోవు. మనిషి పేగు ముక్కను అతికించిన ఎలుకల్లో ఈ ఎంజైములను అడ్డుకున్నప్పుడు వాపు, కణజాల నష్టం తగ్గడం కనిపించింది. ఆ దారిలో మందు తయారు చేయాలంటే ఎదురయ్యే ఇబ్బంది మన శరీరంలోనే ఉంది: మన కణాలు తమలోని పాత ప్రొటీన్లను జీర్ణం చేసుకోవడానికి వాడే కెథెప్సిన్లలో చాలావరకు ఇదే పపైన్ కుటుంబానికి చెందినవి, కోత పెట్టే భాగం వాటిలోనూ దాదాపు ఇలాగే ఉంటుంది.