కొసరు లేని చదువు

ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే చదివిందట. తెల్లారుజామున స్టడీ అవర్‌తో మొదలైన రోజు రాత్రి స్టడీ అవర్‌తోనే ముగిసేది. మంచి ర్యాంకు వచ్చింది, అడిగిన బ్రాంచిలో సీటూ వచ్చింది. "ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చదివి, పెరుగు గిన్నె చుట్టూ వారం రోజులు తిరిగినదాన్ని నేను. తోడు వెయ్యనివ్వమని అమ్మని సతాయించేదాన్ని. ఇప్పుడు పుస్తకం తెరిస్తే ఆవలింతలు. ర్యాంకు వచ్చిన రోజు కూడా ఏమీ అనిపించలేదండీ. నాలో ఏదైనా లోపమా?"

నిద్ర చాలకపోవడం, ఒత్తిడి, పక్కవాడితో పోటీ అన్నీ కారణాలే. వాటి గురించి ఎవరైనా చెబుతారు. నన్ను ఆపేసింది ఒక్క వాక్యం: 'ర్యాంకు వచ్చిన రోజు కూడా ఏమీ అనిపించలేదు.' దానికి సమాధానం రైతుబజార్లో ఉంది.

కిలో వంకాయలు తూచాక కూరగాయలామె గుప్పెడు కరివేపాకు సంచిలో పడేస్తుంది. అది కొసరు. డబ్బిచ్చి కొన్న వంకాయలు మనసుకి పట్టవు, రూపాయి విలువ చెయ్యని కరివేపాకుకి మొహం వికసిస్తుంది. రెండోవారం కూడా వేస్తుంది, బాగానే ఉంటుంది. పదోవారానికి అది కొసరు కాదు, మన హక్కు. పదకొండోవారం మర్చిపోయిందా, వంకాయలు ఎంత లేతగా ఉన్నా ఇంటికొచ్చేదాకా గొణుగుతాం.

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు చేసే పని అచ్చం ఇదే. డోపమైన్‌ని 'సంతోష రసాయనం' అని పత్రికలు రాస్తుంటాయి, చదివినప్పుడల్లా నాకు పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. వోల్ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల నోట్లో పళ్లరసం చుక్కలు వేస్తూ, వాటి నడిమి మెదడులోని ఈ కణాల విద్యుత్ సంకేతాల చప్పుడు విన్నాడు. చెప్పాపెట్టకుండా రసం పడితే కణాలు గబగబా మోగాయి. ముందు దీపం వెలిగించి ఆ తర్వాత రసం ఇవ్వడం అలవాటు చేశాక, దీపం వెలగ్గానే మోగాయి. అదే రసం నోట్లో పడినప్పుడు ఉలుకూ పలుకూ లేదు. దీపం వెలిగించి రసం ఎగ్గొడితే, సరిగ్గా రసం రావలసిన క్షణంలో మామూలు చప్పుడు కూడా ఆగిపోయింది. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో షుల్జ్ దీనికి లెక్క చూపించాడు: ఆ కణాలు చెప్పేది వచ్చినదాన్ని కాదు, వచ్చినదానిలోంచి అనుకున్నది తీసేస్తే మిగిలేదాన్ని. అంటే కొసరుని.

కాగితం మీద వేసి చూద్దాం. బహుమతి విలువ 1. మొదట్లో మన అంచనా 0. ప్రతిసారీ తేడాలో ఐదో వంతు మాత్రం అంచనాకి కలుపుకుంటూ పోతాం (1972లో రెస్కోర్లా, వాగ్నర్ అనే మనస్తత్వవేత్తలు ఇచ్చిన సూత్రం సారం ఇదే). మొదటిసారి కొసరు 1. అంచనా 0.2 అయింది కాబట్టి రెండోసారి కొసరు 0.8. తర్వాత 0.64, 0.512, 0.41. పదకొండోసారికి మిగిలేది 0.107. బహుమతి అదే ఒకటి, ఒక్క పైసా తగ్గలేదు, కొసరు మాత్రం పదో వంతుకి పడిపోయింది. ఇప్పుడు బహుమతి ఆపేస్తే? సున్నాలోంచి 0.893 పోయి, మైనస్ 0.893. రావడంలో ఆనందం 0.107, రాకపోవడంలో ఏడుపు 0.893! వారం వారం టెస్టుల్లో ఫస్టు వచ్చే పిల్లలు రెండు మార్కులు తగ్గితే బాత్రూములో కూర్చుని ఏడవడం చూసినవాళ్లకి ఈ అంకెలు కొత్తగా ఉండవు.

మా పాఠకురాలి ర్యాంకు సంగతి ఇప్పుడు చూడండి. పరీక్ష అయిన కొద్దిరోజులకే కీ వచ్చింది, మార్కులు లెక్కేసుకుంది, ర్యాంకు ఇంచుమించు ఎంతో కనుక్కుంది. రసం దగ్గర మోగాల్సినది దీపం దగ్గరే మోగేసింది. ఫలితాల రోజు స్వీట్లు పంచింది వాళ్ల నాన్నగారు. ఆ పిల్ల మెదడుకి అది పాత వార్త.

మధ్యలో ఒక మాట. పరీక్షల ముందు పెన్నులకి పూజ చేయించడం మనకి మామూలు. ఫలానా పెన్నుతో రాస్తేనే బాగా రాస్తాననే పిల్లలు నా క్లాసులో ఏటా ఉండేవాళ్లు. 1948లో స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఆకలితో ఉన్న పావురాలకి, అవి ఏం చేసినా చెయ్యకపోయినా, కొన్ని సెకన్లకొకసారి గింజలు పడేలా చేశాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు ఏదో ఒక తంతు మొదలుపెట్టాయి. గింజలు పడేముందు ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి తల విసిరేది. పెన్నుని నేను తప్పుపట్టను. మన పావురాలకి హాస్టల్ ఫీజు కూడా ఉంది, అంతే తేడా.

ఇక అసలు నేరం. అందులో నాకూ వాటా ఉంది. ఇరవై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. పాఠం మొదలుపెట్టకముందే ప్రశ్నల పక్కన స్టార్లు పెట్టించేవాణ్ణి. మూడు స్టార్లంటే గ్యారంటీగా వస్తుంది, స్టార్ లేనిది వదిలెయ్. ఆ 'గ్యారంటీ'కి అర్థం ఇప్పుడు తెలుస్తోంది: అంచనా 1, కొసరు 0. పైగా ప్రశ్న పుట్టకముందే జవాబు చేతిలో పెట్టేవాళ్లం. ఆకలి వెయ్యకముందే కడుపు నిండిపోయేది.

ప్రశ్నకీ జవాబుకీ నడుమ ఉండే ఖాళీ ఎంత విలువైనదో 2014లో గ్రూబర్, గెల్మన్, రంగనాథ్ కాలిఫోర్నియాలో పరీక్షించారు. చిన్న చిన్న జనరల్ నాలెడ్జి ప్రశ్నలు అడిగి, జవాబు చూపించేముందు 14 సెకన్లు ఆపారు. ఆ నడుమ ఎవరిదో ముఖం ఒకటి చూపించారు, ప్రశ్నకి దానితో ఏ సంబంధమూ లేదు. బాగా కుతూహలం రేపిన ప్రశ్న తర్వాత చూసిన ముఖాలు కూడా మిగతావాటికంటే బాగా గుర్తున్నాయి. తెలుసుకోవాలన్న తహతహ డోపమైన్ దారిని, జ్ఞాపకాల కేంద్రమైన హిప్పోకాంపస్‌ని కలిపి మేల్కొలిపిందన్నమాట. ఆ తలుపు తెరుచుకుంటే పక్కనున్నవి కూడా లోపలికొచ్చేస్తాయి. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 160 ప్రశ్నలకి 180 నిమిషాలు. ప్రశ్నకి 67.5 సెకన్లు. అందులో 14 సెకన్లు ఆశ్చర్యపోతూ కూర్చున్నవాడికి ర్యాంకు రాదు.

మరి బహుమతులే విషమా? కాదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని ఒక నర్సరీ బడిలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడమంటే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి 'బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగతావాళ్లకి ఏమీ లేదు. కొన్నాళ్లకి పెన్నులు మళ్లీ బల్లమీద పెట్టి, చాటునుంచి చూశారు. ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతావాళ్లలో సగంసేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఇష్టం తగ్గలేదు. కాగితం అదే, రంగు రిబ్బను అదే. కొసరుగా వస్తే ఏమీ కాలేదు, బేరంగా వస్తే బొమ్మ పనైపోయింది.

2010లో మురయామా బృందం ఇలాంటిదే మెదడు లోపల చూసింది. స్టాప్‌వాచ్‌ని సరిగ్గా 5 సెకన్ల దగ్గర ఆపే ఆట. డబ్బిచ్చి ఆడించి, తర్వాత డబ్బు లేదన్నాక, గెలిచినప్పుడు మెదడులో బహుమతికి స్పందించే స్ట్రయేటమ్ అనే భాగంలో కనబడాల్సిన స్పందన అడుగంటింది. మొదట్నుంచీ డబ్బు ఊసే లేనివాళ్లలో ఆ స్పందన రెండుసార్లూ ఉంది.

కాబట్టి అమ్మా, నీలో లోపమేమీ లేదు. ఆశ పుస్తకాన్ని వదిలి మార్కుల లిస్టుకి అతుక్కుపోయింది, ఇప్పుడు ఆ లిస్టు రావడం లేదు. కోతి నుంచి ఇంటర్ దాకా ఇంత దూరం గెంతడం నా సొంత పైత్యమే, శాస్త్రవేత్తలు నాకంటే జంకుతారు. చదువు మీద ఆ ఇష్టం మళ్లీ వస్తుందా అంటే, నాకు ఎలా వచ్చిందో చెబుతాను.

ఎమ్మెస్సీ పరీక్షలయ్యాక ఏడాదిపాటు పుస్తకం ముట్టలేదు. ఒక పొద్దున్న అమ్మ దోసెల పెనం మీద నీళ్లు చిలకరిస్తూ అడిగింది. "పెనం సరిగ్గా కాలితే నీళ్లు చుయ్‌మని ఆరిపోతాయి. మరీ కాలిపోతే చుక్క ముత్యంలా దొర్లుతుందే తప్ప ఓ పట్టాన ఆరదు. ఎందుకురా?" ఎక్కువ వేడికి తొందరగా ఆరాలి కదా! గుప్తోష్ణం మీద నాకు నూటికి తొంభై పైన మార్కులు, ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ తగల్లేదు. ఆ సాయంత్రమే పుస్తకాల పెట్టె దించాను. పెనం ఇంచుమించు 200 డిగ్రీలు దాటితే చుక్క అడుగు తాకీతాకగానే ఆవిరై, ఆ ఆవిరి పొర మీదే చుక్క తేలుతుంది. ఆవిరి వేడిని సరిగ్గా పోనివ్వదు కాబట్టి చుక్క చాలాసేపు బతుకుతుంది. 1756లోనే లైడెన్‌ఫ్రాస్ట్ అనే ఆయన దీన్ని వివరంగా రాశాడు.

మర్నాడు ఇదంతా చెప్పబోతే అమ్మ సగం ఉల్లిపాయ చేతిలో పెట్టింది. "ఆవిరి సంగతి తర్వాత. ముందు పెనానికి ఇది రుద్దు, దోసె అంటుకుంటోంది." ఉల్లిపాయ రుద్దితే దోసె ఎందుకు అంటుకోదో ఆ రోజంతా ఆలోచించాను.