కేదార్‌కంఠ ట్రెక్: విశాఖలో నేను వినే అపోహలు, కొండ మీద చూసిన వాస్తవాలు

ఏటా చలికాలంలో విశాఖ నుంచి చిన్న బృందాలను ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు తీసుకెళ్తుంటాను. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. బయల్దేరే ముందు నాకు వినిపించే మాటల్లో కొన్ని నిజంగా ప్రమాదకరం.

అపోహ: రోజూ జిమ్‌కి వెళ్తాను, నాకేం కాదు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. గాలిలో ఆక్సిజన్ శాతం కొండ మీదా ఆర్కే బీచ్‌లో ఉన్నంతే, 21. తగ్గేది గాలి పీడనం. అందుకే శిఖరం దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులకన్నా కాస్త తక్కువే. శరీరం దానికి అలవాటు పడాలంటే రోజులు పడుతుంది. కండబలం ఉన్నంత మాత్రాన ఆ రోజులు తగ్గవు.

ఒకసారి మా బృందంలో రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడు ఉన్నాడు. అందరికన్నా ముందే పై క్యాంపుకి చేరాడు. రాత్రి భోజనం పిలిస్తే "ఆకలి లేదన్నా" అని పడుకున్నాడు. వాంతి అయ్యాక గానీ అసలు సంగతి చెప్పలేదు. మధ్యాహ్నం నుంచే తలనొప్పి ఉందట, చెప్తే శిఖరానికి తీసుకెళ్ళనేమోనని దాచాడట. ఒక కాలి మడమను రెండో కాలి వేళ్ళకు ఆనిస్తూ ఒక గీత మీద నడిపించి చూశాను. తూలలేదు, ఆయాసమూ లేదు. రాత్రంతా పక్కనే కూర్చుని, తెల్లారగానే కింద జుడా కా తాలాబ్ క్యాంపుకి పంపాను. మధ్యాహ్నానికి తనే అన్నం అడిగి తిన్నాడు. తూలి ఉన్నా, కూర్చున్నచోటే ఆయాసపడినా అర్ధరాత్రే దింపేసేవాళ్ళం. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం కనిపిస్తే వెంటనే గైడ్‌కి చెప్పండి, తగ్గేదాకా ఇంకా పైకి వెళ్ళకండి.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుంది.

పెరగదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. అమ్మలు ప్రేమతో మూట కట్టి ఇస్తారు, వద్దనను. కానీ దాన్ని నమ్ముకుని లక్షణాలు దాచొద్దు. డయామాక్స్ మాత్ర ఎత్తుకి అలవాటు పడటానికి తోడ్పడుతుంది, అయితే సల్ఫా మందులు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

అపోహ: సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను, ఇదెంత?

32 కిలోమీటర్లు నడిచిన ఓపిక చిన్నది కాదు. కానీ అది చాలావరకు రోడ్డు మీద ఒక్కసారి నడక. ఇక్కడ వరసగా నాలుగైదు రోజులు ఎక్కాలి, దిగాలి. మోకాళ్ళకు అసలు పరీక్ష దిగేటప్పుడే. రెండు నెలల ముందు నుంచి వారానికి మూడుసార్లు సింహాచలం మెట్లు ఎక్కి, మెట్ల మీదుగానే దిగండి. కొత్త బూట్లు అప్పుడే తొడిగి అలవాటు చేసుకోండి. "మాస్టారూ, నాకు యాభై ఎనిమిది, కుదురుతుందా?" అని అడిగిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇలాగే సాధన చేసి, నెమ్మదిగా నడిచి, నవ్వుతూ శిఖరం చేరారు.

అపోహ: లంబసింగి చలి తట్టుకున్నాం, ఒక స్వెట్టర్ చాలు.

లంబసింగిలో తెల్లవారుజామున చలి కాచుకుని కారెక్కేస్తాం. అక్కడ సున్నాకి చాలా కిందకు పోయే చలిలో రాత్రంతా టెంట్‌లో పడుకోవాలి. కాటన్ బనియన్, జీన్స్ మాత్రం వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి.

అపోహ: డబ్బు కట్టాం, శిఖరం ఎక్కించాల్సిందే.

మీరు కట్టింది వెంట ఉండే మనుషులకు, తిండికి, టెంట్‌కి. వాతావరణం ఎవరి చేతిలోనూ లేదు. మంచు ఎండకు మెత్తబడకముందే దిగిపోవాలని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరతాం. మాతో వచ్చే సాంక్రీ ఊరి గైడ్లు చిన్నప్పటి నుంచి ఆ వాలు మీదే తిరిగినవాళ్ళు. వాళ్ళు మబ్బు చూసి వెనక్కి పోదామంటే, శిఖరం కళ్ళ ముందున్నా సరే, నేను రెండో మాట అడగను.