డిగ్రీలో మహిళా అధ్యయనం: అపోహలు - వాస్తవాలు

డిగ్రీలో మేజర్‌గానో మైనర్‌గానో మహిళా అధ్యయనం తీసుకుంటానని ఎవరైనా అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు ప్రశ్నలు మొదలుపెడతారు. వాటిలో సగం ప్రశ్నలు కావు, ముందే ఇచ్చేసిన తీర్పులు. ఈ సబ్జెక్టు బోధించే మనిషిగా నాకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ఇది చదువు కాదు, అభిప్రాయాలు చెప్పుకునే వేదిక.

వాస్తవం: అభిప్రాయం ఉండవచ్చు, కానీ దానికి మార్కులు పడవు. ఆధారానికి పడతాయి. మొదటి ఏడాది పిల్లలకు నేను జాతీయాదాయ లెక్కలు చెబుతాను. ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జాతీయ ఖాతాల పద్ధతి ప్రకారం, ఇంటి వాడకానికి నీళ్లు మోసుకురావడం ఉత్పత్తి కిందికి వస్తుంది. ఆ నీళ్లతో ఇంట్లోవాళ్లకు వంట చేయడం రాదు. అదే వంట జీతం తీసుకుని వేరే ఇంట్లో చేస్తే మళ్లీ ఉత్పత్తే!

ఇది వినగానే తరగతిలో అందరికీ కోపం వస్తుంది. కోపంతో వ్యాసం రాయలేం కదా, అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఉత్పత్తికీ కానిదానికీ మధ్య ఆ గీత అక్కడే ఎందుకు గీశారో చదవాలి. ఇంటిపనికి మార్కెట్ ధర ఉండదు కాబట్టి విలువ కట్టడం కష్టమని గణాంక నిపుణులు అంటారు. దాన్ని కూడా కలిపితే పెద్దవాళ్లందరూ పనిలో ఉన్నట్టే లెక్క, నిరుద్యోగం అనే మాటకే అర్థం ఉండదని కూడా అంటారు. తీసిపారేయదగ్గ వాదనలు కావివి. మరోవైపు, న్యూజిలాండ్ పార్లమెంటులో పనిచేసిన మెరిలిన్ వేరింగ్ 1988లో ఈ పద్ధతిని విమర్శిస్తూ పుస్తకమే రాశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం 64 దేశాల్లో జీతం లేని సంరక్షణ పని (ఇంటిపని, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం వంటివి) రోజుకు 1,640 కోట్ల గంటలు, అందులో నాలుగింట మూడు వంతులు స్త్రీలదే. ఈ అంకె సమయ వినియోగ సర్వేల నుంచి, అంటే రోజులో ఏ పనికి ఎంతసేపు పడుతుందో జనాన్ని అడిగి నమోదు చేసే సర్వేల నుంచి వచ్చింది. ఆ సర్వేలు ఎలా చేస్తారు, పిల్లవాణ్ణి చంకనేసుకుని వంట చేస్తున్న గంటను ఏ ఖాతాలో వేస్తారు? ఇవన్నీ తేల్చుకున్నాకే విద్యార్థి తన మాట చెప్పాలి.

అపోహ: మగవాళ్లను తిట్టడమే సిలబస్.

వాస్తవం: తిట్టడానికి సిలబస్ ఎందుకు? మగతనం గురించిన ఆలోచనలు మగవాళ్ల ఆరోగ్యాన్నీ, పని గంటల్నీ, తండ్రులుగా వాళ్ల పాత్రనీ ఎలా మలుస్తాయన్నది కూడా ఇందులో భాగమే. అబ్బాయిలు నిరభ్యంతరంగా చేరవచ్చు.

అపోహ: స్త్రీలందరినీ ఒకే గాటన కడతారు.

వాస్తవం: అలా కట్టకూడదన్నదే ఈ రంగంలో జరిగిన అతి పెద్ద చర్చ. 1976లో అమెరికా కోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. జనరల్ మోటార్స్ కొత్తగా చేరినవాళ్లను ముందు తీసేసే పద్ధతిలో ఉద్యోగులను తొలగించింది. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను తీసుకోనేలేదు కనుక వేటు వాళ్ల మీదే పడింది. కోర్టు మాత్రం జాతి వివక్షనూ లింగ వివక్షనూ కలిపి ఒకే ఫిర్యాదుగా చూడటానికి ఒప్పుకోలేదు. కంపెనీలో స్త్రీలు ఉన్నారు, తెల్లవాళ్లు. నల్లవాళ్లూ ఉన్నారు, మగవాళ్లు. రెండూ అయినవాళ్లకు చట్టంలో చోటే లేకపోయింది. న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ఈ కేసును విశ్లేషిస్తూ ఇంటర్‌సెక్షనాలిటీ అనే భావనను, అంటే జాతి, లింగం వంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పనిచేస్తాయన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. ఇప్పుడు ఆ మాటను ప్రతివాళ్లూ వాడేస్తున్నారు, కేసు చదివినవాళ్లు తక్కువ.

అపోహ: ఇదంతా పాశ్చాత్యుల సరదా.

వాస్తవం: అమెరికాలోని శాన్ డియేగోలో తొలి మహిళా అధ్యయన కార్యక్రమం 1970లో మొదలైంది. ముంబయిలోని ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో పరిశోధన కేంద్రం 1974లోనే వచ్చింది. ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయం 1991లో ప్రత్యేక విభాగం తెరిచింది.

అపోహ: తేలికైన సబ్జెక్టు, మార్కులు సులభం.

వాస్తవం: చరిత్ర, చట్టం, ఆర్థికశాస్త్రం, సాహిత్యం అన్నీ కొంచెం కొంచెం తెలియాలి. పైగా సిద్ధాంత వ్యాసాలు కొన్ని అనవసరంగా కొరకరాని కొయ్యలు. ఈ విషయంలో మా రంగం మీద వచ్చే విమర్శతో నేను ఏకీభవిస్తాను.

అపోహ: ఉద్యోగాలు రావు.

వాస్తవం: ఇది పూర్తి అపోహ కాదు. ఈ డిగ్రీ పేరుతో వచ్చే ఉద్యోగ ప్రకటనలు అరుదు. అయితే మరో విద్యతో జోడిస్తే దీని విలువ తెలుస్తుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర స్త్రీల శరీరం నుంచి నెమ్మదిగా బయటికి పోతుందని, మర్నాడు ఉదయం మత్తు మిగులుతుందని చెప్పి, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్త్రీలకు మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమంది. మందు మార్కెట్లోకి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. పరీక్షల ఫలితాలను స్త్రీ పురుషులకు విడివిడిగా చూశారా అని మొదటి రోజే అడగగల మనిషి ప్రజారోగ్యంలో పనికొస్తాడు. చట్టం, జర్నలిజం, మానవ వనరులు, స్వచ్ఛంద సంస్థలు, విధాన పరిశోధన కూడా అంతే.

నన్నడిగితే ఎక్కువమందికి మైనరే మంచిది, అదీ గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, జీవశాస్త్రం వంటి వాటి పక్కన. విస్తారంగా చదవడం, రాయడం ఇష్టమై, పై చదువులకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు మేజర్ తీసుకోవచ్చు. చేరేముందు సిలబస్ తెప్పించుకుని పరిశోధన పద్ధతుల పేపరు ఉందో లేదో చూడండి. క్షేత్ర పని లేదా ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇస్తారా అని అడగండి. రెండూ లేకపోతే వేరే కళాశాల వెతుక్కోండి.