పొగగొట్టాలు కూలాక మిగిలే ఆస్తి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో హోమర్ సిటీ అనే ఊరి దగ్గర సుమారు 1,900 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. మొదటి రెండు యూనిట్లు 1969లో, మూడోది 1977లో వచ్చాయి. మూడో యూనిట్ చిమ్నీ ఎత్తు 371 మీటర్లు. కేంద్రం 2023 జులైలో మూతపడింది. 2025 మార్చి 22న చిమ్నీలను పేల్చి పడగొట్టారు. రెండు వారాలు గడిచాయో లేదో, అదే స్థలంలో ఏడు భారీ గ్యాస్ టర్బైన్లతో 4,400 మెగావాట్లకు పైగా సామర్థ్యంతో కొత్త కేంద్రం కడతామని యజమానులు ప్రకటించారు.

ఖాళీ పొలాలకు కొదవలేని చోట, బూడిద నిండిన పాత స్థలం మీద ఇంత మోజు ఎందుకంటే స్విచ్‌యార్డు కోసం, అంటే కేంద్రం కరెంటును లైన్లకు కలిపే ఆవరణ కోసం. బాయిలర్లు తుక్కుకు పోతాయి, టర్బైన్ హాలు కొత్త యంత్రాలకు సరిపడదు. మిగిలే అసలు ఆస్తి ఊళ్ళు దాటి పోయే హైటెన్షన్ లైన్లు, వాటి దారికి ఎప్పుడో సంపాదించిన హక్కులు. హోమర్ సిటీ లైన్లు ఒకవైపు పెన్సిల్వేనియాతో పాటు పలు రాష్ట్రాల గ్రిడ్‌ను నడిపే పీజేఎం అనే సంస్థ లైన్లకు, మరోవైపు న్యూయార్క్ గ్రిడ్‌కు కలుస్తాయి. అలాంటి లైను ఈ రోజు కొత్తగా వేయాలంటే రైతులతో, కోర్టులతో, అటవీ అనుమతులతో పదేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు.

అయితే ఈ ఆస్తికి గడువుంది. పీజేఎం నిబంధనల ప్రకారం యూనిట్ మూతపడిన ఏడాదిలోగా కొత్త దరఖాస్తు పెట్టకపోతే, గ్రిడ్‌లోకి కరెంటు పంపే పాత హక్కు రద్దవుతుంది. ఆ తర్వాత అందరిలాగే వరుసలో చివర నిలబడాలి. కాబట్టి కూల్చివేత టెండరు కంటే ముందు కదలాల్సిన కాగితం ఇది.

హక్కు నిలిచినా స్విచ్‌యార్డును ఉన్నదున్నట్టు వాడుకోలేం. పాత జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్లు కొత్త జనరేటర్ల వోల్టేజీకి సరిపోవు. షార్ట్ సర్క్యూట్ లెక్క మళ్ళీ వేయాలి. జనరేటర్లు పెరిగేకొద్దీ ఎక్కడైనా లోపం తలెత్తినప్పుడు అటు పరుగెత్తే కరెంటూ పెరుగుతుంది. లోపం వచ్చినప్పుడు కరెంటును తెంచే పెద్ద స్విచ్ బ్రేకర్. 40 కిలో ఆంపియర్లను తెంచేలా చేసిన పాత బ్రేకర్ మీద 50 పడితే, అది తెంచలేక తనే పేలిపోవచ్చు. ఈ లెక్క ఆలస్యంగా తేలితే బ్రేకర్లు, వాటిని కలిపే లావు లోహపు కడ్డీలైన బస్‌బార్లు, కొన్నిచోట్ల భూమిలో పరిచిన ఎర్తింగ్ మ్యాట్‌తో సహా మార్చాల్సి వస్తుంది. ఇక 1,900 మెగావాట్ల కోసం కట్టిన లైన్లు 4,400 మోయాలని ఆశించడం అత్యాశే. హోమర్ సిటీలో దీనికి దొరికిన జవాబు, కరెంటులో పెద్ద వాటాను గోడ పక్కనే డేటా సెంటర్లకు అమ్మడం. వాటి కోసం 3,200 ఎకరాల ఆవరణ ఉంది.

పాత బొగ్గు స్థలంలో లేనిది గ్యాస్. బొగ్గయితే వారాలకు సరిపడా గుట్టగా పోసుకోవచ్చు. గ్యాస్‌కు ఆ వీలు లేదు, పైపులో వచ్చిందే నిల్వ. ఎంత కావాలో వేళ్ళ మీద లెక్కేద్దాం. గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి టర్బైన్‌నూ తిప్పే కంబైన్డ్ సైకిల్ ప్లాంటు 60 శాతం దక్షతతో నడిస్తే ఒక యూనిట్ (కిలోవాట్ గంట) కరెంటుకు సుమారు 6 మెగాజౌళ్ళ వేడి తీసుకుంటుంది. అంటే 0.17 ఘనపు మీటర్ల గ్యాస్. 4,400 మెగావాట్లు రోజంతా నడిస్తే 1.8 కోట్ల ఘనపు మీటర్లు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం 2010లో ఉచ్ఛస్థితిలో ఇచ్చింది రోజుకు సుమారు 6 కోట్లు. అందులో దాదాపు మూడో వంతు ఈ ఒక్క కేంద్రమే మింగుతుందన్నమాట. హోమర్ సిటీ మార్సెలస్ షేల్ గ్యాస్ పొరల మీదే ఉంది కాబట్టి ఇంత ధైర్యం చేశారు.

ఆ ధైర్యానికి ఆధారం లేనప్పుడు ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. డీ6 గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో, కొండపల్లిలో వేల మెగావాట్ల కేంద్రాలు కట్టారు. క్షేత్రం కొన్నేళ్ళకే చతికిలబడింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సామర్లకోటలో పైపులో గ్యాస్ లేకముందే కొత్త టర్బైన్లు దిగాయి. ఏళ్ళ తరబడి కదలక, చివరికి అందులో కొంత సామగ్రి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలిపోయింది. అక్కడా గ్రిడ్ మనలాగే 50 హెర్ట్జే (సెకనుకు 50 ఆవర్తనాలు) కాబట్టి ఒదిగింది. 60 హెర్ట్జ్ అమెరికాలో అయితే ఆ యంత్రాలు దండగే.

పైపు ఉండటం ఒక్కటే చాలదు. కాంట్రాక్టులో ‘ఖాయంగా ఇస్తాం’ అనే మాట ఉండాలి, ‘వీలుంటే ఇస్తాం’ కాదు. 2022 డిసెంబరు చలి తుఫానులో పీజేఎం ప్రాంతంలో హఠాత్తుగా ఆగిపోయిన సామర్థ్యంలో సుమారు 70 శాతం గ్యాస్ కేంద్రాలదే. కొన్నిచోట్ల యంత్రాలే గడ్డకట్టాయి, కొన్నిచోట్ల బావుల దగ్గరే గ్యాస్ తగ్గిపోయింది. ఒత్తిడీ చూడాలి. హోమర్ సిటీకి ఎంచుకున్న తరగతి టర్బైన్‌లో కంప్రెసర్ గాలిని 23 రెట్లు నొక్కి, ఇంధనం మండే గదిలోకి పంపుతుంది. ఆ గదిలోకి గ్యాస్ చొరబడాలంటే పైపులో 30 బార్లకు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) పైగా కావాలి, లేదంటే గ్యాస్ కంప్రెసర్ అదనపు ఖర్చు. ఒత్తిడి మరీ ఎక్కువైనా చిక్కే. వాల్వులో ఒక్కో బార్ తగ్గినప్పుడల్లా గ్యాస్ దాదాపు అర డిగ్రీ చల్లబడుతుంది. 70 నుంచి 40 బార్లకు దించితే 15 డిగ్రీలు పడిపోయి, గ్యాస్‌లోని బరువైన హైడ్రోకార్బన్లు బొట్లుగా మారతాయి. ఒక్కో బొట్టు బర్నర్‌లో చిన్న మంటగోళం. అందుకే ఆ బొట్లు కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత కంటే కనీసం 28 డిగ్రీలు ఎక్కువగా ఉండేలా గ్యాస్‌ను ముందే వేడి చేస్తారు.

నేల సంగతికొస్తే, పాత పటాలను నమ్మకూడదు. ఎక్కడ బూడిదతో పూడ్చారో, ఏ కాంక్రీటు కాలువ భూమిలో మిగిలిందో బోర్లు వేస్తేనే తెలుస్తుంది. నిమిషానికి 3,600 చుట్లు తిరిగే, 300 టన్నుల వరకు తూగే యంత్రం కింద పునాది ఒక వైపు కొన్ని మిల్లీమీటర్లు కుంగినా షాఫ్టు వరస తప్పి బేరింగులు వణుకుతాయి. అందుకే బూడిద పొరను దాటి గట్టి నేల దాకా పైల్స్ (లోతైన పునాది స్తంభాలు) దించుతారు. ఆస్‌బెస్టాస్ విప్పడం, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో విష రసాయనాలున్నాయేమో పరీక్షించడం పేలుళ్ళకు ముందే అయిపోవాలి. తర్వాత అదంతా దుమ్ములో కలిస్తే ఖర్చు ఎన్ని రెట్లో చెప్పలేం.

నీటి దగ్గర మాత్రం పాత స్థలం ఉదారంగా ఉంటుంది. కంబైన్డ్ సైకిల్‌లో మూడింట రెండు వంతుల కరెంటు గ్యాస్ టర్బైన్ నుంచే వస్తుంది, ఆవిరి వాటా మూడో వంతే. చల్లబరచాల్సింది ఆ ఆవిరినే. కాబట్టి మెగావాట్ గంటకు ముప్పావు ఘనపు మీటరు నీరు సరిపోతుంది. బొగ్గు కేంద్రానికి రెండున్నర రెట్లకు పైనే కావాలి. కార్బన్ డయాక్సైడ్ యూనిట్‌కు 340 గ్రాములు, బొగ్గుతో పోలిస్తే మూడో వంతు నుంచి సగం లోపే. కానీ సామర్థ్యం రెట్టింపు దాటితే ఈ లెక్క ఊరటనివ్వదు. 4,400 మెగావాట్లు ఏడాదంతా నడిస్తే ఒక కోటి 30 లక్షల టన్నులు. బావుల్లో, పైపుల్లో కారే మీథేన్ ఇందులో లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన రోజులు కట్టడం పూర్తయ్యాక వస్తాయి. కొత్త పైపుల్లో వెల్డింగ్ చిట్లు, తుప్పు, ఇసుక ఉంటాయి. అవి బ్లేడ్లకు తగలకముందే ఊది పారేయాలి. అమెరికాలోని కనెటికట్‌లో, మిడిల్‌టౌన్ దగ్గర నిర్మాణంలో ఉన్న క్లీన్ ఎనర్జీ కేంద్రంలో 2010 ఫిబ్రవరి 7న ఇంధన పైపును ఆ గ్యాస్‌తోనే ఊదారు. బయటికొచ్చిన గ్యాస్ గోడల మధ్య చిక్కుకుని నిప్పంటుకుంది. ఆరుగురు చనిపోయారు. ఆ పని నత్రజనితోనో గాలితోనో, పైపులో నెట్టే ‘పిగ్’ అనే శుభ్రపరిచే పరికరంతోనో చేసుకోవచ్చు. ఆవిరి పైపులకైతే ఆవిరినే వాడతారు. తాత్కాలిక గొట్టం పెట్టి, బాయిలర్ ఒత్తిడిని పదే పదే ఒక్కసారిగా వదిలి, గొట్టం నోట అద్దంలా మెరిపించిన లోహపు పలకను ఉంచుతారు. మొదట్లో ఆవిరితో వచ్చే రేణువులు తగిలి పలక జల్లెడలా సొట్టలతో వస్తుంది. ఈ పని వారాలు సాగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళకు ముందే చెప్పకపోతే ఆ హోరుకు జనం రోడ్డెక్కుతారు. వరసగా కొన్ని పలకలు దాదాపు మచ్చ లేకుండా వచ్చాకే ఆవిరి పైపును టర్బైన్‌కు కలుపుతారు.